బైపాస్ తర్వాత మతిమరుపు: తప్పు పంపుదేనా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో గుండె ఆపరేషన్ గురించినవే ఎక్కువ. వాటిలో డెల్టా నుంచి వచ్చిన నాలుగు తీసుకున్నాను. పేర్లు వద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రం వేస్తున్నాం. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది. ఆ ఇంట్లో నడుస్తున్న గొడవే నా దగ్గరికి వచ్చే చాలా ఇళ్లలో నడుస్తోంది, అందుకని తగ్గించి రాయబుద్ధి కాలేదు.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారాలు. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మా వారికి 62 ఏళ్లు, కొబ్బరి వ్యాపారం. పదకొండు వారాల క్రితం బైపాస్ అయింది, మూడు గ్రాఫ్టులు (పూడిన చోటు దాటి రక్తం పోయేలా కలిపే నాళాలు) వేశారు. పంపు మీద పెట్టి, అంటే గుండెను ఆపి మిషన్‌తో రక్తం నడిపిస్తూ చేశామని చెప్పారు. మొన్న ఎకో తీస్తే గుండె బాగుందన్నారు. మనిషి మాత్రం మునుపటిలా లేరు. దింపు కూలీ, వలుపు కూలీ, లారీ కిరాయి పోను వెయ్యి కాయకు ఎంత మిగులుతుందో ఇదివరకు నోటితోనే చెప్పేసేవారు. ఇప్పుడు పుస్తకం ముందేసుకుని రాసిందే మళ్లీ రాస్తున్నారు. ఫోన్లో మాట్లాడుతుండగా పక్క నుంచి ఎవరైనా ఏదైనా అడిగితే అదీ పోతుంది, ఇదీ పోతుంది. చిన్నదానికే కోపం. టీవీ చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకుంటున్నారు. నిద్ర పట్టడం లేదంటే మా ఊరి ఆర్‌ఎంపీ గారు చిన్న మాత్ర ఇచ్చారు, రోజూ అదే వేసుకుంటున్నారు. లెక్కలు తప్పుతున్నాయని మా అబ్బాయి పుస్తకాలు తీసేసుకున్నాడు. పాలకొల్లులో మా అక్క వాళ్లాయనకి అదే నెలలో పంపు లేకుండా, గుండె కొట్టుకుంటుండగానే చేశారు. ఆయన బండి మీద తిరుగుతున్నారు. చేతులారా మేమే ఈయన బుర్ర పాడుచేశామా? ఇది అల్జీమర్సా? మళ్లీ మామూలు మనిషి అవుతారా?
ఒక పాఠకురాలు, అంబాజీపేట మండలం

జవాబు: అమ్మా, ముందు మీ మూడు ప్రశ్నలకూ సూటిగా చెబుతాను. మీరు ఏ తప్పూ చేయలేదు. మీరు రాసినదాన్ని బట్టి ఇది అల్జీమర్స్ నడకలా కనిపించడం లేదు. కోలుకునే అవకాశమే ఎక్కువ. అయితే అదే తగ్గుతుందిలే అని కూర్చోవద్దు, ఈ వారంలోనే చేయాల్సిన పనులు ఉన్నాయి. అవి చెప్పేముందు ఆ పంపు సంగతి తేల్చాలి. మీ మనసులో బరువు అదే కాబట్టి.

పంపు మీద అనుమానం ఊరికే పుట్టలేదు. 1953లో ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ అనే సర్జన్ హార్ట్ లంగ్ మిషన్ (మనం పంపు అంటున్నది దీన్నే) పెట్టి మొదటిసారి విజయవంతంగా గుండె ఆపరేషన్ చేశాడు. గుండెకు రావాల్సిన చెడ్డ రక్తాన్ని ఒక గొట్టం మిషన్‌లోకి తీసుకుంటుంది. అక్కడ ఆక్సిజన్ కలిసి, ఇంకో గొట్టం గుండా బృహద్ధమనిలోకి, అంటే గుండె నుంచి ఒంటికంతా రక్తం పంచే పెద్ద నాళంలోకి తిరిగి వెళ్తుంది. బృహద్ధమనికి క్లాంపు అనే బిగింపు వేసి, పొటాషియం ఎక్కువున్న ద్రావణంతో గుండెను ఆపుతారు. సర్జన్‌కు కదలని గుండె, రక్తం లేని చోటు దొరుకుతాయి. కానీ రక్తం అంతసేపు ప్లాస్టిక్ గొట్టాల్లో తిరిగితే ఒంట్లో వాపు తరహా స్పందన మొదలవుతుంది. క్లాంపు వేసేటప్పుడు, తీసేటప్పుడు బృహద్ధమని గోడకు పట్టిన కొవ్వు ముక్కలు ఊడి మెదడు వైపు పోవచ్చు. సన్నటి గాలి బుడగలూ పోవచ్చు. డాక్టర్లకు ఆ భయం కలగడం సహజమే.

2001లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు 261 మందిని బైపాస్‌కు ముందూ, తర్వాతా పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. డిశ్చార్జి రోజుకు 53 శాతం మందిలో జ్ఞాపకం, ఏకాగ్రత తగ్గాయి. ఆరు నెలలకు ఆ సంఖ్య 24 శాతానికి పడిపోయింది. అయిదేళ్లకు మళ్లీ 42 శాతానికి చేరింది. అక్కడి నుంచి లోకమంతా ఒకటే మాట, పంపు మెదడును తినేస్తుందని. పంపు లేకుండా చేస్తే ఈ బాధ ఉండదన్న నమ్మకమూ దాంతోపాటే బలపడింది. మీ బంధువుల నోట వినబడుతున్నది ఆ మాటే.

అయితే ఆ అధ్యయనంలో ఒక లోటు ఉంది. ఆపరేషన్ చేయించుకోని గుండె రోగుల్ని పక్కన పెట్టుకుని పోల్చలేదు. అదే వయసు, అదే షుగరు, అదే బీపీ ఉండి, ఆపరేషన్ బల్ల ఎక్కని మనిషికి అయిదేళ్లలో ఏమవుతుంది? అది తెలియకుండా నేరం పంపు మీద ఎలా వేస్తాం?

తర్వాత వచ్చిన పరిశోధనలు ఆ ప్రశ్నకే జవాబు వెతికాయి. నెదర్లాండ్స్‌లో 281 మందిని చీటీ తీసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు పంపుతో, ఇంకో జట్టుకు పంపు లేకుండా చేశారు. మూడు నెలలకు పంపు లేనివాళ్లలో మతిమరుపు కాస్త తక్కువ కనిపించింది, వాళ్లలో 21 శాతం, పంపుతో చేసినవాళ్లలో 29 శాతం. ఏడాదికి ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. అయిదేళ్ల ఫలితాలు 2007లో వచ్చాయి. రెండు జట్లలోనూ సుమారు సగం మందికి తగ్గుదల కనిపించింది, తేడా లేదు. బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. పంపుతో చేయించుకున్నవాళ్లు, లేకుండా చేయించుకున్నవాళ్లు, గుండెజబ్బు ఉన్నా మందులతోనో స్టెంట్‌తోనో నెట్టుకొస్తున్నవాళ్లు, అసలు గుండెజబ్బే లేనివాళ్లు, ఇలా నాలుగు జట్లను ఆరేళ్లు వెంబడించారు. గుండెజబ్బు ఉన్న మూడు జట్ల తీరూ ఒక్కలాగే ఉంది. మన దేశంతో సహా 19 దేశాల్లో 4,752 మందితో కరొనరీ అనే పెద్ద అధ్యయనం జరిగింది. ఏడాది తర్వాత చేసిన జ్ఞాపక పరీక్షల్లో తేడా లేదు. అయిదేళ్లకు పక్షవాతంలోనూ, మరణాల్లోనూ తేడా లేదు.

ఇన్ని లెక్కలు ఎందుకు రాశానంటే, మీరూ మీ పిల్లలూ పంపుకు ఒప్పుకున్నందుకు ఒకరినొకరు నిందించుకోవడం ఇంతటితో ఆగిపోవాలని. మీ బావగారికి పంపు పెట్టి చేసినా ఈపాటికి బండి మీద తిరుగుతూనే ఉండేవారేమో, మీ వారికి పంపు లేకుండా చేసినా ఇదే ఇబ్బంది వచ్చేదేమో. ఇద్దరి వయసు, షుగరు, గుండెపోటు వచ్చిందా లేదా, ఆపరేషన్ ఎంతసేపు పట్టింది, తర్వాత జ్వరం ఏమైనా వచ్చిందా, ఇవేవీ ఒకటి కావు. ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టి ఏదీ తేల్చలేం. పైగా గుండె నాళాలు పూడాయంటే మెదడు నాళాలు కడిగినట్టు ఉండవు. పెద్ద కాలవలో పూడిక చేరితే పిల్ల కాలవలు మాత్రం శుభ్రంగా ఉంటాయా? ఏళ్ల తరబడి బీపీ, షుగరు, చుట్ట, సిగరెట్ చేసిన పని అది. ఆపరేషన్ నాటికే మెదడు మీద ఆ పాత భారం ఉంటుంది.

ఇక మీ వారి సంగతి. నోటి లెక్క పోవడం, ఒకేసారి రెండు పనులు పట్టుకోలేకపోవడం, మాటకోసం తడుముకోవడం, ఇవి పెద్ద ఆపరేషన్ తర్వాత తరచుగా చూసేవే. ఏకాగ్రతా, వేగమూ తగ్గుతాయి. పాత జ్ఞాపకాలు, మనుషుల గుర్తు, వ్యాపారంలో తెలివి ఉంటాయి. చాలామందికి మూడు నెలల నుంచి ఏడాదిలోపు సర్దుకుంటుంది. మీరింకా పదకొండో వారంలోనే ఉన్నారు.

నేను మొదట చూసేది ఆ నిద్రమాత్ర. ఇలాంటివాళ్లు వస్తే, ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక సంచిలో వేసి తెమ్మంటాను. సంచి బల్ల మీద కుమ్మరిస్తే తెల్లటి పెద్ద స్ట్రిప్పుల మధ్య, ఏ చీటీలోనూ రాయని చిన్న స్ట్రిప్పు ఒకటి తరచుగా దొరుకుతుంది. ఆల్ప్రాజోలం, లేదా దాని తరహాది. అరవై దాటినవాళ్లకు రోజూ అది వేస్తే పగలంతా మబ్బుగా ఉంటుంది, విన్నది నిలవదు, లెక్క కుదరదు, తూలి పడే ప్రమాదం కూడా. దాని పనిని మనం పంపుకు అంటగడుతున్నామేమో చూడాలి. అలాగని రేపే చటుక్కున మానిపించకండి. వారాల తరబడి వేసుకున్నాక ఒక్కసారిగా ఆపితే వణుకు, కంగారు వస్తాయి, ఒక్కోసారి ఫిట్స్ కూడా. డాక్టరు చేత మెల్లగా తగ్గించాలి.

తర్వాత కొన్ని రక్తపరీక్షలు. ఆపరేషన్‌లో రక్తం పోయి హిమోగ్లోబిన్ తగ్గి ఉండవచ్చు. ఉప్పు తగ్గించమన్నారని పూర్తిగా మానేసి, నీరు పోయే మాత్ర వేసుకుంటూ, ఈ ఉక్కపోతలో చెమటలు కక్కేవాళ్లలో సోడియం పడిపోతుంది. అది పడిపోతే మనిషి మందగిస్తాడు, తికమకపడతాడు. అలాగని మీరే ఉప్పు పెంచవద్దు, పరీక్ష చూశాకే. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బి12 తగ్గుతుంది. ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పిందని అమియోడరోన్ ఇచ్చి ఉంటే థైరాయిడ్ చూడాలి. షుగరు మాత్రలు పాత మోతాదులోనే వేసుకుంటూ తిండి తగ్గించేశారా? షుగరు పడిపోయినప్పుడు కూడా కోపం, తికమక వస్తాయి. గురక బాగా ఉందా? ఉంటే అదీ చెప్పండి.

కళ్లనీళ్ల గురించి ఒక మాట. బైపాస్ అయినవాళ్లలో దిగులు జబ్బు చాలా మామూలు. మన వైపు మగవాళ్లు దిగులుగా ఉందని నోరు విప్పి చెప్పరు. విసుక్కుంటారు, అన్నం ముందు నుంచి లేచిపోతారు, లేదంటే ఒంటరిగా కూర్చుంటారు. దిగులు ఉన్న మనిషికి ఏకాగ్రత ఉండదు, దాన్ని చూసి మతిమరుపు అనుకుంటాం. దీనికి మందులున్నాయి, గుండెజబ్బు ఉన్నవాళ్లూ వాడదగ్గవి ఉన్నాయి. దిగులును పట్టించుకోకపోతే గుండె కోలుకోవడం కూడా కుంటుపడుతుంది. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడకండి.

ఇప్పుడు మీ అబ్బాయికి చెప్పండి, నేను చెప్పానని చెప్పండి. ఆ పుస్తకాలు నాన్నకు తిరిగి ఇచ్చేయాలి. తండ్రి మీద ప్రేమతోనే తీసుకుని ఉంటాడు, సందేహం లేదు. కానీ ముప్ఫై ఏళ్లు లెక్కలతో బతికిన మనిషి చేతిలోంచి పుస్తకం లాక్కుంటే, ఇక నువ్వు పనికిరావు అని చెప్పినట్టే వినబడుతుంది. వాడకపోతే బుర్రకు పదును ఎక్కడి నుంచి వస్తుంది? పొద్దున్నే, ఒళ్లు తేలిగ్గా ఉన్నప్పుడు, ఫోను పక్క గదిలో పెట్టి, ఒక్క లారీ లెక్క మాత్రం వేయమనండి. దింపు కూలీ ఒక వరసలో, వలుపు ఒక వరసలో, కిరాయి ఒక వరసలో కాగితం మీద వేసుకుంటే సగం తికమక తగ్గుతుంది. అబ్బాయి పక్కనే కూర్చుని, తండ్రి వేశాకే తాను సరిచూడాలి. డబ్బు చేతులు మారే ముందు ఇద్దరూ చూశారన్న నియమం పెట్టుకుంటే ఎవరికీ చిన్నతనం ఉండదు. సాయంత్రం అలసిపోయాక లెక్కల జోలికి పోవద్దు. రోజూ కాలవ గట్టు మీద నడక, మీ సర్జన్ ఎంత నడవమన్నారో అంత. నడక గుండెకే కాదు, మెదడుకూ మందే.

ఆరు నెలలకు కూడా మెరుగు లేకపోయినా, లేదా నెలనెలా దిగజారుతున్నా, తెలిసిన దారిలో ఇంటికి రాలేకపోయినా న్యూరాలజిస్టుకు చూపించాలి. తెలుగులో చేసే జ్ఞాపక పరీక్షలు ఉన్నాయి. చదువు తక్కువైనా ఇబ్బంది లేదు. ఆపరేషన్‌కు ఏడాది ముందు ఎలా ఉండేవారో కూడా గుర్తు తెచ్చుకుని రాసుకెళ్లండి. అప్పటికే కొంచెం కొంచెం మర్చిపోతుండేవారా అన్నది అక్కడ చాలా ముఖ్యం. మూతి వంకరపోవడం, చెయ్యి పట్టు తప్పడం, మాట ముద్దగా రావడం హఠాత్తుగా కనిపిస్తే మాత్రం క్షణం ఆగకుండా 108కి ఫోన్ చేయండి. అది మతిమరుపు కాదు, పక్షవాతం.

ప్రశ్న: మేడమ్, మా అమ్మకు 71 ఏళ్లు. షుగరు ఉంది. మూడు నాళాలూ పూడాయి, ఒక వాల్వు కూడా బాగా లీకవుతోంది. వచ్చే నెల ఆపరేషన్. పంపు మీదే చేయాలని సర్జన్ గారు అంటున్నారు. పెద్దావిడకు పంపు పెడితే మతి పోతుందని, కొత్త పద్ధతిలో పంపు లేకుండా చేసే ఆసుపత్రికి మార్చమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. రొయ్యల చెరువుల పనిలో ఉండి నాకు నిద్ర కూడా లేదు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: బాబూ, మార్చవద్దు. గుండె తెరిచి వాల్వు బాగుచేసే ఆపరేషన్‌కు పంపు కావలసిందే. గుండె నిండా రక్తం పారుతుండగా, అది కొట్టుకుంటుండగా లోపలి వాల్వుకు కుట్లు వేయడం కుదరదు. మీ సర్జన్ అన్నది ఇష్టాయిష్టాల మాట కాదు, అవసరం.

ఇంకో సంగతి, పంపు లేకుండా చేయడం కొత్త పద్ధతి అనుకోవద్దు. 1964లోనే లెనిన్‌గ్రాడ్‌లో కొలెసొవ్ అనే సర్జన్ కొట్టుకుంటున్న గుండె మీద ఛాతీ లోపలి ధమనిని గుండె నాళానికి కలిపాడు. కాలి సిరతో బైపాస్ చేసే పద్ధతికి 1967లో క్లీవ్‌లాండ్‌లో ఊపు తెచ్చిన అర్జెంటీనా సర్జన్ ఫావలోరో ఆ తర్వాత వచ్చాడు. తొంభైల్లో గుండెలో కుట్టాల్సిన చోటును మాత్రం కదలకుండా పట్టి ఉంచే స్టెబిలైజర్లు వచ్చాక పంపు లేని పద్ధతి మళ్లీ ఊపందుకుంది. మన దేశంలో చాలామంది సర్జన్లకు అందులో మంచి చెయ్యి ఉంది. బృహద్ధమని గోడ సున్నంలా గట్టిపడిపోయి క్లాంపు వేయడం ప్రమాదమైనవాళ్లకు, ఆ చెయ్యి తిరిగిన సర్జన్ దొరికితే అది నిజంగా మేలు. అందరికీ అదే మేలనుకుంటే పొరపాటు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో 2,203 మందిపై చేసిన అధ్యయనంలో, ఏడాదికి తెరుచుకుని ఉన్న గ్రాఫ్టులు పంపుతో 87.8 శాతం, పంపు లేకుండా 82.6 శాతం. 75 దాటినవాళ్లతోనే జర్మనీలో చేసిన అధ్యయనంలో ఏడాది వరకు రెండు పద్ధతుల ఫలితాల్లోనూ తేడా రాలేదు. పంపు లేకుండా మొదలుపెట్టి, మధ్యలో బీపీ పడిపోయి అత్యవసరంగా పంపు ఎక్కించాల్సి వస్తే ప్రమాదం అన్నిటికన్నా ఎక్కువ.

కాబట్టి పద్ధతి పేరు పట్టుకుని ఆసుపత్రి వెతకవద్దు. సర్జన్ గారిని ఇవి అడగండి: బృహద్ధమని ఎలా ఉంది, మెడ రక్తనాళాలకు డాప్లర్ స్కాన్ తీశారా, ఈ వయసువాళ్లకు ఇలాంటివి మీరు తరచుగా చేస్తారా. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి, మంచి సర్జన్ విసుక్కోడు. ఉన్న ఈ నెల రోజుల్లో అమ్మ షుగరు అదుపులోకి తేవడం, రక్తహీనత ఉంటే సరిచేయడం, మెల్లగా నడిపించడం (ఆయాసం లేనంత వరకే), ఇవి ఆమె మెదడుకు పంపు ఉందా లేదా అన్నదానికన్నా ఎక్కువ పనికొస్తాయి. అమ్మ ఇప్పుడే ఏమైనా మర్చిపోతున్నారా అన్నది కూడా ముందే చెప్పి, ఫైల్లో రాయించండి. రేపు తేడా వస్తే దేనితో పోల్చుకోవాలో తెలుస్తుంది.

మీరూ కాస్త నిద్రపోండి. ఆపరేషన్ తర్వాత ఆమె పక్కన ఉండాల్సింది మీరే.

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర లంక. మా నాన్నకు 74 ఏళ్లు. బైపాస్ అయిన మూడో రాత్రి ఐసీయూలో "గట్టు తెగింది, మంచం కిందికి నీళ్లొచ్చాయి, పిల్లల్ని పైకెక్కించండి" అని అరిచి, గొట్టాలు పీకేశారట. చేతులు కట్టారు. నాలుగు రోజులకు తగ్గింది. ఇప్పుడు ఇంట్లో మామూలుగానే ఉన్నారు కానీ ఆ మాట ఎత్తితే తలదించుకుంటున్నారు. ఊళ్లో పిచ్చి పట్టిందంటున్నారు. అమ్మ ఇప్పుడు చెబుతోంది, నాన్న రోజూ సాయంత్రం మందు తాగుతారనే సంగతి సిగ్గేసి డాక్టర్లకు చెప్పలేదట. దానివల్లేనా?
ఒక పాఠకురాలు, పి.గన్నవరం

జవాబు: అమ్మా, నాన్నకు వచ్చింది పిచ్చి కాదు. దాన్ని డెలీరియం అంటారు. పెద్ద ఆపరేషన్ల తర్వాత పెద్దవయసువాళ్లలో తరచుగా వస్తుంది. పంపుతో చేసినా, లేకుండా చేసినా రావచ్చు. ఐసీయూలో పగలూ రాత్రీ ఒకటే లైటు, మిషన్ల మోత, నొప్పి, నిద్రలేమి. కళ్లజోడు తీసేస్తారు, వినికిడి మిషన్ ఇంట్లో ఉండిపోతుంది. మెదడుకు తానెక్కడుందో తెలియక, తనకు తెలిసిన పాత భయాన్ని ముందు పెడుతుంది. 1986 ఆగస్టులో గోదావరి వరద చూసిన లంక మనిషికి ఆ భయం నీళ్ల రూపంలో రావడంలో వింతేముంది? మన వైపు పెద్దవాళ్ల నోట ఈ నీళ్ల మాట నేను చాలాసార్లు విన్నాను. ఆయన ఆ స్థితిలో కూడా పిల్లల్ని పైకెక్కించమన్నారు. అందులో తలదించుకోవాల్సింది ఏమీ లేదని మీరే ఆయనతో చెప్పండి. చాలామందికి ఆ రాత్రులు గుర్తుంటాయి, చెప్పుకుంటే నవ్వుతారని లోపలే దాచుకుంటారు. ఆయన్ని చెప్పనివ్వండి, మధ్యలో సరిదిద్దకుండా వినండి.

మందు సంగతి. అదొక్కటే కారణమని ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, కానీ అది ఒక కారణం అయ్యే అవకాశం గట్టిగా ఉంది. రోజూ తాగే మనిషికి ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి చుక్క ఉండదు. రెండు మూడు రోజులకు వణుకు, చెమటలు, లేనివి కనబడటం మొదలవుతాయి. ఇక్కడే చిక్కు ఉంది. మామూలు డెలీరియంలో డయజిపాం తరహా నిద్రమందులు వీలైనంతవరకు ఇవ్వరు, ఇస్తే తికమక పెరుగుతుంది. తాగుడు ఆగిపోవడం వల్ల వచ్చినదానికి అవే అసలు చికిత్స, దాంతోపాటు బి1 విటమిన్. ఏది ఇవ్వాలో తెలియాలంటే నిజం తెలియాలి. అమ్మను కోప్పడకండి, మన ఊళ్లలో ఏ ఇల్లాలికైనా ఆ మాట చెప్పడం కష్టమే. ఇది చదువుతున్న మిగతావాళ్లకు మాత్రం నా విన్నపం: ఎనస్థీషియా డాక్టరు అడిగినప్పుడు మనిషిని పక్కకు పంపి అయినా సరే, రోజూ ఎంత, చివరిసారి ఎప్పుడు అన్నది ఉన్నదున్నట్టు చెప్పండి. క్వార్టరైతే క్వార్టరని చెప్పండి. నిద్రమాత్రల అలవాటు, ఖైనీ, చుట్ట కూడా. అక్కడ ఎవరూ మిమ్మల్ని తీర్పు చెప్పరు.

ఆపరేషన్ ముందున్నవాళ్లు కళ్లజోడు, వినికిడి మిషన్, కట్టుడు పళ్లు ఒక డబ్బాలో పెట్టి, పేరు రాసి, మనిషి కళ్లు తెరవగానే ఇమ్మని నర్సుకు అప్పజెప్పండి. లోపలికి రానిచ్చినప్పుడు ఏ రోజో, ఎంత టైమయిందో, ఏ ఊళ్లో ఉన్నామో నెమ్మదిగా చెప్పండి. తెలిసిన గొంతు చేసే మేలు ఎక్కువ.

మీ నాన్నను ఆరు నెలలకు, ఏడాదికి జ్ఞాపకశక్తి పరీక్షకు తీసుకెళ్లండి. డెలీరియం వచ్చినవాళ్లలో తర్వాత మతిమరుపు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఎక్కువ. ఆసుపత్రి పుణ్యమా అని మానేసిన తాగుడు మళ్లీ మొదలవకుండా చూడండి. ఒకవేళ మొదలైతే, ఆయనంతట ఆయన చటుక్కున మానకుండా డాక్టరు సాయంతో మానిపించండి. ఇంకెప్పుడైనా ఏ ఆపరేషన్ పడినా, ముందిలా జరిగిందని మొదటే చెప్పాలి.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని, 66 ఏళ్లు. బైపాస్ అయి రెండేళ్లు. కొలెస్ట్రాల్ మాత్ర వల్ల మతిమరుపు వస్తుందని వాట్సాప్‌లో చదివి నెల క్రితం మానేశాను. పేర్లు గుర్తుకు రావడంలో తేడా ఏమీ కనబడలేదు. మానేయవచ్చా?
ఒక పాఠకుడు, నరసాపురం

జవాబు: మాస్టారూ, మళ్లీ మొదలుపెట్టండి, ఈ రాత్రి నుంచే. మీరు మానేసిన తరహా కొలెస్ట్రాల్ మాత్రల్ని స్టాటిన్లు అంటారు. వాటి వల్ల కొద్దిమందికి మతిమరుపుగా అనిపిస్తుందని, మానేస్తే పోతుందని 2012లో అమెరికా మందుల సంస్థ మందుతో వచ్చే చీటీలో రాయించిన మాట నిజం. వేలమందితో చేసిన పెద్ద అధ్యయనాల్లో మాత్రం స్టాటిన్ వేసుకున్నవాళ్లకూ, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ జ్ఞాపకంలో తేడా కనిపించలేదు. మీరే నెల రోజులు మానేసి చూశారు, పేర్ల మరుపు అలాగే ఉంది. అంటే ఆ మాత్ర దానికి కారణం కాదన్నమాట.

కాలి సిరతో వేసిన గ్రాఫ్టులు మళ్లీ పూడే గుణం ఉన్నవి, పదేళ్లకు దాదాపు సగం పూడుతుంటాయి. అది ఆలస్యం కావాలంటే స్టాటిన్, ఆస్పిరిన్ తప్పవు. మెదడు నాళాలను కాపాడేవీ అవే. కండరాల నొప్పులు ఉంటేనో, లివర్ పరీక్షలో తేడా వస్తేనో మోతాదు మార్చుకోవడానికి మీ కార్డియాలజిస్టు ఉన్నారు. నెల రోజులు మానేసిన సంగతి ఆయనకు చెప్పి, ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) చేయించండి. పేర్లు మర్చిపోతున్నందుకు చెవి పరీక్ష కూడా చేయించుకోండి. పేరు సరిగ్గా వినబడకపోతే గుర్తుండదు. మీ వయసులో ఆ కారణం తరచుగా కనబడుతుంది.